ఈ చదువు అందరి సొత్తు

ఊరికే వచ్చింది ఏదీ ఊరికే పోదని మతిల్దేకి నమ్మకం. సంతలో ఊరికే పంచిన షాంపూ పొట్లంతో తలంటుకుని నెల రోజులు గోక్కున్న మనిషి. ఆ మాత్రం అనుమానం ఉండదా మరి.

"అడుగున చూడవే. చిన్న చిన్న అక్షరాల్లో ఎక్కడో రాసే ఉంటాడు, ఎంతివ్వాలో," అంది.

నోయెమి బొటనవేలితో ఫోను తెరని అట్టడుగుదాకా తోసుకుంటూ పోయింది. ఏమీ లేదు. మళ్ళీ పైకి వచ్చింది. చర్చిలో ఆదివారం పూజ అయిపోయి ఊరంతా పార్కులో ఉంది. పురపాలక సంఘం వాళ్ళ ఉచిత నెట్టు గోడవారనున్న మూడు బెంచీల దాకానే వస్తుంది. నాలుగో బెంచీ మీద కూర్చుంటే చుక్క కూడా రాదు. అందుకని ఆ మూడింటి మీదే జనం ఒకరినొకరు తోసుకుంటూ కూర్చుంటారు. నోయెమి సంత్ అంతోనియో తొమ్మిది రోజుల ప్రార్థన ఎవరైనా చదివి పెట్టారేమోనని వెతుకుతూ ఫోనులో ఈ చోటికి వచ్చి పడింది. ప్రార్థన దొరకలేదు గానీ పుస్తకాలు దొరికాయి, వందలకొద్దీ. నవలలు, సముద్ర ప్రయాణాలు, దొంగల కథలు. కాగితం అన్నది లేదు, అన్నీ గొంతులే. నొక్కితే ఎవరో ఒకరు చదివి వినిపిస్తున్నారు.

"లేదే. చచ్చి ఏళ్ళూ పూళ్ళూ అయినవాళ్ళ పుస్తకాలంట. వాటి మీద ఇంకెవరికీ హక్కుండదంట. బుద్ధి పుట్టినవాళ్ళు ఇంట్లో కూచుని చదివి ఇక్కడ పెడతారంట. బుద్ధి పుట్టినవాళ్ళు వినొచ్చంట."

"చదివినందుకు జీతమెంత?"

"ఏమీ లేదంట."

"అయితే పిచ్చివాళ్ళన్నమాట," అంది మతిల్దే, కాస్త నిమ్మళించి. పిచ్చివాళ్ళతో అయితే భయం లేదు. "ఏడుపున్నది చూడు. పెళ్ళి కూడా ఉండాలి. యుద్ధాలు వద్దు."

నలభై ఏడు అధ్యాయాల నవల దొరికింది. ఓడల షావుకారు కూతురు లియొనోరాని ముసలి ఉప్పు వ్యాపారికి కట్టబెట్టడం దాకా ముందుమాటలోనే చెప్పేశారు. మతిల్దే మోకాలు నొక్కి, ఇదే, ఇదే అంది. పక్క బెంచీలో పిల్లలు వీడియోలు చూస్తుంటే నెట్టు నీరసించేది, వాళ్ళు ఐస్ కొనుక్కోవడానికి లేస్తే పుంజుకునేది. చివరి అధ్యాయం ఫోనులోకి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరికీ ఇంటి దగ్గర వంట కాలేదు.

సోమవారం పొద్దున కాఫీ గింజలేరే షెడ్డులో, కిటికీ గట్టు మీద, నోయెమి తన ఫోనునీ అరచేతిలో పట్టేంత స్పీకరునీ పక్కపక్కన నిలబెట్టింది. పన్నెండుమంది ఆడవాళ్ళు పొడుగాటి బల్లకి రెండు పక్కలా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ముందు ఒక చెక్క పళ్ళెం, కాళ్ళ దగ్గర ఒక డబ్బా, ఎడం పక్కన చెడ్డగింజలు వేసే రేకు గిన్నె. పళ్ళెంలో పోసిన గింజల్ని వేళ్ళతో పరిచి, నల్లగింజ, పురుగు తొలిచిన గింజ, చితికిన గింజ, పులిసిన గింజ ఏరి గిన్నెలో పడెయ్యాలి. మంచివి పళ్ళెం అంచు మీదుగా డబ్బాలోకి తోసెయ్యాలి. డబ్బా నిండితే మోసుకెళ్ళి కాటా దగ్గర రెయినాకి చూపించాలి. రోజుకి ఆరు డబ్బాలు నిండాలి.

స్పీకరులోంచి మొదట ఒక ఆడగొంతు వచ్చింది. "ఇది ఇష్టపడి చదివినది. ఈ చదువు అందరి సొత్తు."

ఆ మాట ఆ ఊళ్ళో వాడేది ఒక్కదానికే. ఎవరి మొగుడు ఎవరింటి దొడ్డిగుమ్మంలోంచి వస్తున్నాడో అందరికీ తెలిసిపోయాక, ఇంక అది అందరి సొత్తే అంటారు.

"ఎవరి సంగతే?" అని బల్ల చివరనుంచి ఎవరో ఆత్రంగా అడిగారు.

షెడ్డంతా గొల్లుమంది. కాటా దగ్గర రెయినా కూడా నవ్వింది. నోయెమి నవ్వుతూనే విడమరిచి చెప్పింది, ఇది రంకు సంగతి కాదు, ఈ చదివిన చదువు ఎవరి సొంతమూ కాదని, ఎవరైనా వినొచ్చని.

ఆమె పక్కన కూర్చున్న తొమాసా చేతులు ఆగాయి. డెబ్భైకి దగ్గర పడిన మనిషి, బడి గడప తొక్కలేదు. రెండు కళ్ళలోనూ పలచగా తెర. "చదువు అందరి సొత్తా?" అంది. "నాకెవరూ చెప్పలేదే, ఇన్నేళ్ళూ."

మొదటి రెండు రోజులూ ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ చూడని రోజులు. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి చదువుతాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని పలికే స్పెయిన్ దేశపాయన వస్తే మతిల్దే తనూ నాలుక బయటపెట్టి ఆయన వెనకాలే పలికేది. ముక్కుతో చదివే కుర్రవాడి అధ్యాయాలు ఎవరికీ నచ్చేవి కావు. అందరికీ ప్రాణం కోడి అమ్మగారు. ఆవిడ చదువుతుంటే వెనకాల ఎక్కడో కోడి ఒకటి కొక్కొక్కొ అంటూ ఉండేది. ఏడో అధ్యాయంలో ఆవిడ లియొనోరా ఉత్తరం చదువుతూ గొంతు వణికిస్తున్న చోట, సరిగ్గా అక్కడ, ఆ కోడి గుడ్డు పెట్టింది. ఆవిడ ఆపలేదు, కోడీ ఆపలేదు. బల్ల చుట్టూ పన్నెండుమందీ నవ్వలేక ఏడవలేక చచ్చారు.

"ఎర్రకోడి అయ్యుంటుంది. ఆ గోల ఎర్రకోళ్ళదే," అంది తొమాసా.

కథ వింటుంటే ఎవరూ నీళ్ళకని లేవలేదు. మరుగుదొడ్డికి వెళ్ళినవాళ్ళు పరుగున వచ్చి, "ఏమైంది, ఏమైంది," అని తొమాసానే అడిగేవాళ్ళు. ఆవిడకి అక్షరం పొల్లుపోయేది కాదు. ఎవరేమన్నారో, ఏ గొంతుతో అన్నారో అన్నీ అప్పజెప్పేది. చెప్తూనే ఏరేది. ఆవిడ ఏరడం కళ్ళతో కాదు. నాలుగు గింజల్ని వేళ్ళ కొసల కిందికి తెచ్చుకుని దొర్లించేది. పురుగు తొలిచిన చిల్లు గోటికి తగిలేది. పులిసినదాన్ని ముక్కు పసిగట్టేది. ఆవిడ డబ్బాలో చెడ్డగింజ ఒక్కటి చూపిస్తే ముక్కు కోయించుకుంటానని రెయినా అనేది. కానీ సాయంత్రానికి నాలుగున్నర డబ్బాలు దాటేవి కావు.

మంగళవారం పొద్దున షెడ్డు చూసుకునే ఇంజనీరు ఒస్మిన్ ఆ సంగతి చెప్పడానికే వచ్చాడు. ముప్ఫై నిండని మనిషి, ఇస్త్రీ చొక్కా, అందరి మోకాళ్ళ నొప్పులూ పేరుపేరునా అడుగుతాడు. నెలాఖరుకి సరుకు ఓడ ఎక్కాలట. ఇకనించీ వారంలో రెండు రోజులు ఎవరికి ఆరు డబ్బాలకి తక్కువైతే వాళ్ళు సోమవారం రానక్కరలేదట. ఎవరి మొహమూ చూడకుండా, స్పీకరు కేసి చూస్తూ చెప్పాడు.

"మీ మోకాలు ఎలా ఉంది దోన్యా తొమాసా?" అని కూడా అడిగాడు, పెద్దావిడకిచ్చే దోన్యా మర్యాద మానకుండా, వెళ్తూ వెళ్తూ.

"ఉంది ఇంజనీరు గారూ. దాన్ని ఎక్కడికీ పంపలేదు."

ఆయన వెళ్ళాడు. అందరికీ తెలుసు అది ఎవరికోసం చేసిన చట్టమో. నోయెమి ఏం చెయ్యాలో తోచక లేచి ఫోను నొక్కింది. తర్వాతి అధ్యాయం మొదలైంది. "ఇది ఇష్టపడి చదివినది. ఈ చదువు అందరి సొత్తు."

"అందరి సొత్తంటే కాఫీ కూడానేమో మరి," అంటూ మతిల్దే తన పళ్ళెంలోంచి ఏరిన గింజలు దోసెడు తీసి, బల్ల మీదుగా వంగి, తొమాసా డబ్బాలో పోసింది.

అది హాస్యానికే చేసింది. కానీ ఎదురుగా ఉన్నావిడా ఓ దోసెడు తీసింది. ఆ పక్కావిడా తీసింది. దోసెడు చేతులు మారుతూ బల్ల చివరనుంచి వచ్చింది. నోయెమి పక్కనే కనుక వంగనక్కర కూడా లేకపోయింది.

తొమాసాకి మొహం ఎర్రబడింది. "నేనేమన్నా గుడి ముందు కూచున్నానా?"

"అడుక్కున్నారని ఎవరన్నారు దోన్యా? మరుగుదొడ్డికి పోయినప్పుడల్లా మాకు కథ చెప్పట్లా? అది మీరు ఊరికే ఇవ్వట్లా?" అంది మతిల్దే. "ఇదీ అంతే. మూసుకుని వినండి, కోడి అమ్మగారొచ్చింది."

అది మొదలు. రోజుకి ఎనిమిది అధ్యాయాలు. ఎనిమిదిసార్లు ఆ మాట వినబడేది, ఎనిమిదిసార్లు పదకొండు దోసెళ్ళు లేచేవి. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, లెక్కా కట్టలేదు. పుణ్యమని కూడా ఎవరూ అనుకోలేదు. అధ్యాయం మొదట్లో ఎలాగూ కథ ఉండదు, చేతులకి ఓ పని. సాయంత్రానికి తొమాసాకి ఆరో డబ్బా నిండేది. రెయినా కాటా మీద పెట్టి, ఆవిడ కేసి ఓసారి చూసి గీత గీసేది. బుధవారం గడిచింది, గురువారం గడిచింది. కథలో లియొనోరా తమ్ముడు ఉత్తరాన్ని బావి చేంతాడు పురిలో దాచిపెట్టాడు. ఓడ బయల్దేరేలోగా అది ఆమె చేతికి చిక్కుతుందా లేదా అన్నదగ్గర గురువారం పని ఆగింది.

సరిగ్గా అప్పుడు ఒస్మిన్ లోపలికి వచ్చాడు. చేతిలో నడుం ఎత్తు స్పీకరు, వెనకాల చక్రాలు. కొత్తది, ఇంకా ప్లాస్టిక్ ఊడదీయలేదు.

"ఇది మీకే," అన్నాడు. నిజంగానే ఆనందంగా ఉన్నాడు. "అక్కలూ, ఈ నాలుగు రోజుల లెక్క చూశాను. ఎవరూ లేవట్లేదు, ఎవరూ కబుర్లాడట్లేదు. ఆరు కావాలంటే ఏడు నిండుతున్నాయి చాలామందికి. నేను పైవాళ్ళకి రాశాను, మా షెడ్డులో సాహిత్యం వినిపిస్తున్నామని. చాలా మెచ్చుకున్నారు. ఒక ఫోటో తీసుకుందాం."

ఫోటోలో అందరూ నవ్వారు. నోయెమిని స్పీకరు పక్కన నిలబెట్టాడు. ఫోటో అయ్యాక, ఫోను జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "కాబట్టి రేపట్నించీ ఎనిమిది. మీవల్ల అవుతుందని మీరే చూపించారు."

"ఇంజనీరు గారూ," అంది నోయెమి. "ఆ ఏడు... అందరికీ నిండట్లేదు. మాలో మేము సర్దుకుంటున్నాం."

"తెలుసక్కా. రెయినా చెప్పింది. నేనేమన్నా అన్నానా? మీరు ఎవరికెంత పోసుకుంటే నాకెందుకు? మనిషికి ఎనిమిది రావాలి, అంతే."

ఆ మాట అన్నది మంచితనంగానే. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఓ మాట అనే వీలుంటుంది.

శుక్రవారం పెద్ద స్పీకరు గొంతులు షెడ్డంతా నిండాయి. కోడి అమ్మగారి కోడి రేకుల కప్పు కింద ఎగిరినట్టే ఉంది. మొదటి అధ్యాయానికి దోసెళ్ళు లేచాయి, కొంచెం ఆలస్యంగా. రెండోదానికి బల్ల అవతలిపక్క ఇద్దరు ఒంటి చేత్తో తీశారు. చారెడు. పదకొండు గంటలకి మతిల్దే కూడా చారెడే తీసింది, తీస్తూ నోయెమి మొహంలోకి చూడలేదు. మధ్యాహ్నం తిండి తర్వాత అది గుప్పెడైంది. రొట్టెలో చిక్కుడు ముద్ద చుట్టుకొచ్చినవాళ్ళు లేచెళ్ళి పక్కన కూర్చుని తినడం మానేసి, ఓ చేత్తో కొరుకుతూ ఓ చేత్తో ఏరారు. హాస్యాలు లేవు. మరుగుదొడ్డికి పోయినవాళ్ళు వచ్చి ఏమైందని అడగలేదు, అడిగితే తల ఎత్తాలి కదా.

నోయెమి మాత్రం ప్రతిసారీ దోసెడే పోసింది. పంతం పట్టినట్టు పోసింది. ఈ కథలు తెచ్చింది తను. కిటికీ గట్టు మీద ఫోను నిలబెట్టింది తను. ఆ ఎనిమిదీ తను తెచ్చినవే. తన దోసెడు కూడా లేకపోతే ఇంకేముంది.

సాయంత్రం రెయినా కాటా దగ్గర పేర్లు చదివింది. తొమాసా ఆరు. నోయెమి ఏడు. మిగతా పదిమందికీ ఎనిమిది నిండాయి, కొందరికి చిట్టచివరి నిమిషంలో నిండాయి.

"నీకు తక్కువేంటే?" అంది మతిల్దే, గేటు దగ్గర.

"నీకు తెలీదా?"

మతిల్దే చెప్పు విప్పి అందులో పడ్డ గింజ దులుపుకుంది. దులిపిన చెప్పునే మళ్ళీ దులిపింది. "నా పిల్లకి బడి బూట్లు కొనాల్సి ఉందే," అంది చివరికి. "నీకూ ఇద్దరున్నారు. తొమాసా అర్థం చేసుకుంటుంది. ఆవిడకి ఎలాగూ..." అని ఆపేసింది. ఎలాగూ తర్వాత ఏముందో ఇద్దరికీ తెలుసు.

శనివారం ఏడు అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. మొదటిదానికి ఆ మాట వినబడ్డప్పుడు నలుగురి చేతులు లేచాయి. రెండోదానికి రెండు. బల్ల అవతలావిడ ఒకామె చిటికెడు గింజలు తీసి, వాటిని చూసుకుని, సిగ్గుపడి తిరిగి పళ్ళెంలోనే వేసేసుకుంది. మధ్యాహ్నం నుంచీ నోయెమి ఒక్కతే. అదీ దోసెడు కాదు, గుప్పెడు. తొమాసా థాంక్సూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. గింజలు డబ్బాలో పడ్డ చప్పుడుకి తల కొంచెం ఆడించేది, అంతే. వేళ్ళ కొసల కింద నాలుగు గింజలు, మళ్ళీ నాలుగు గింజలు.

కథ వినేవాళ్ళు లేరు. పెద్ద స్పీకరు చదువుతూనే ఉంది. చేంతాడు తెగింది, ఉత్తరం నీళ్ళలో పడింది, పనిమనిషి దిగి తీసింది. వారం కిందటైతే బల్ల మీద చేతులన్నీ ఆగిపోయేవి. ఇప్పుడు ఒక్క చెయ్యీ ఆగలేదు. ఒస్మిన్ గుమ్మంలో నిలబడి కాసేపు విని, బాగుంది, బాగుంది అని తల ఊపి వెళ్ళాడు.

చివరి అధ్యాయానికి ముందు రెయినా లెక్క చెప్పింది. తొమాసా ఐదు. నోయెమి ఏడు నిండి ఎనిమిదోదానిలో సగం పైకి వచ్చింది. ఇంకో అరగంట.

"ఇది ఇష్టపడి చదివినది," అంది స్పీకరు. కోడి అమ్మగారి గొంతే. "ఈ చదువు అందరి సొత్తు."

బల్ల మీద ఎవరి చెయ్యీ లేవలేదు.

నోయెమి చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. ఏరిన గింజల గుట్ట కిందికి వేళ్ళు దూరాయి, అరచెయ్యి నిండింది, బరువు తెలిసింది. ఐదుకి ఈ గుప్పెడు కలిస్తే ఎనిమిదవుతుందా? ఆవిడకి ఎలాగూ చాలదు. నాకు మాత్రం ఇదే తేడా. ఎలాగూ చాలదు కదా. వేళ్ళు విడిచాయి. గింజలు మళ్ళీ పళ్ళెంలోకే జారాయి. చెయ్యి ఊరికే వెనక్కి రావడం బాగోలేదని ఆ గుట్టలోంచి ఒక గింజని, నల్లగింజన్నట్టు, పట్టుకుని ఎడం పక్క రేకు గిన్నెలో పడేసింది. టిక్కుమంది.

తొమాసా చేతులు ఆగాయి. తల కొంచెం పక్కకి వంచింది. స్పీకరు కేసి కాదు, నోయెమి కేసి. మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

గంట కొట్టడానికి ముందు ఆవిడ అడిగింది, చాలా మామూలుగా, "నీకెంత తక్కువే పిల్లా?"

"పావు డబ్బా ఉంటుందేమో దోన్యా."

తొమాసా లేచింది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, కాసేపు నిలబడింది. వంగి తన డబ్బా ఎత్తింది. అందులో పావుకి పైనే ఉన్నాయి. నోయెమి డబ్బాని కాలితో తడిమి చూసుకుని, దాని నోటికి తన డబ్బా నోరు ఆనించి, నిదానంగా, ఒక్క గింజ కింద పడకుండా పోసేసింది.

"వద్దు దోన్యా. వద్దు, ఏంటిది..."

"ఇప్పుడే అందిగా ఆవిడ. అందరి సొత్తని." ఖాళీ డబ్బా బోర్లించి బల్ల కింద పెట్టింది. గిన్నెలో చెడ్డగింజలు కూడా తుడిచి చెత్త సంచిలో వేసింది. శాలువా కప్పుకుంది. అప్పటికింకా చివరి అధ్యాయం అవలేదు. ఆవిడ గుమ్మం దాటుతుంటే కోడి అమ్మగారు రేవులో ఓడ గురించి ఏదో చదువుతోంది. పదిమంది తలలు పళ్ళేల మీదే ఉన్నాయి. మతిల్దే ఒక్కతి తల ఎత్తి, గుమ్మం కేసి చూసి, మోచేత్తో మొహం తుడుచుకుంది.

రెయినా నోయెమి ఎనిమిదో డబ్బా కాటా మీద పెట్టింది. పైగింజలు చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. ఒస్మిన్ కూడా వంగి చూశాడు.

"అబ్బ, అద్దంలా ఏరావక్కా," అన్నాడు. "ఒక్క మచ్చ లేదు. చూశారా, మనసు పెడితే ఎనిమిదీ అవుతాయి, శుభ్రంగానూ ఉంటాయి."

నోయెమి నోరు తెరిచింది. ఆ గింజలు ఎవరివో చెప్పాలి. చెపితే పావు డబ్బా తీసేస్తారు, రెండో రోజూ తక్కువ పడుతుంది, సోమవారం తనూ రానక్కరలేదు. రెయినా అప్పటికే గీత గీసింది. నోయెమి నోరు మూసుకుని, ఖాళీ డబ్బా తీసుకుని పక్కకి జరిగింది.

ఆదివారం పూజ అయ్యాక పార్కు బెంచీల దగ్గర ఆగలేదు. బెల్లం పాకం పోసిన జొన్న బిళ్ళలు కాగితంలో కట్టించుకుని, ఫోనూ చిన్న స్పీకరూ సంచిలో వేసుకుని, తొమాసా ఇంటికి మిట్ట ఎక్కింది. తొమాసా గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని పళ్ళెంలో ఎర్రచిక్కుళ్ళలోంచి రాళ్ళు ఏరుకుంటోంది. ఎవరని అడగలేదు. అడుగుల చప్పుడుకే తెలిసినట్టుంది.

"కూచో. చెప్పు, ఆ పిల్ల ఓడ ఎక్కిందా?"

నోయెమి ఇంకో పీట లాక్కుని కూర్చుంది. ఏం చెప్పాలో వెతుక్కుంది. చివరి అధ్యాయమంతా తను అక్కడే ఉంది, అంత పెద్ద స్పీకరు చెవి పక్కనే మోగింది. రేవు గుర్తుంది. తర్వాత ఒక్క ముక్క గుర్తు లేదు.

"నేను వినలేదు దోన్యా," అంది.

"మంచిదే. ఇద్దరం కలిసి వినొచ్చు. పెట్టు."

నోయెమి స్పీకరుని గడప మీద నిలబెట్టి ఫోను నొక్కింది. కోడి అమ్మగారు మెల్లిగా గొంతు సవరించుకుంది. "ఇది ఇష్టపడి చదివినది. ఈ చదువు అందరి సొత్తు."

తొమాసా చిక్కుళ్ళ పళ్ళెం ఒళ్ళోంచి పక్కకి జరిపి రెండు చేతులూ దోసిలి పట్టి నోయెమి ముందు చాపింది. "ఏదే నా దోసెడు?" అంది. నవ్వుతోంది. కళ్ళలో తెరలు ఎండకి పాలలా మెరిశాయి.

నోయెమికి నవ్వు రాలేదు. జొన్న బిళ్ళల పొట్లం చేతిలోనే ఉంది, అది కూడా ఆ దోసిట్లో పెట్టలేకపోయింది. "నిన్న నా చెయ్యి లేవలేదు దోన్యా," అంది. "నేను తీశాను. తీసి..."

"తెలుసు. తీసినట్టు వినబడింది. పళ్ళెంలో మళ్ళీ పోసుకున్నట్టూ వినబడింది. తర్వాత ఒక గింజ గిన్నెలో వేశావు." తొమాసా దోసిలి విడదీసి, చిక్కుళ్ళ పళ్ళాన్ని ఇద్దరి మోకాళ్ళ మధ్యకి లాగింది, సగం నోయెమి వైపు ఉండేట్టు. "అది నల్లగింజ కూడా కాదే. చప్పుడు బట్టి మంచిదే. దండగ చేశావు."

నోయెమి ఏదో అనబోయింది. తొమాసా వేలెత్తి ఆపింది. స్పీకరులో కోడి కొక్కొక్కొ అంది.

"ఊరుకో ఇక," అంది తొమాసా, వేళ్ళ కొసల కిందికి నాలుగు చిక్కుళ్ళు లాక్కుంటూ. "విననీ."